ఆరు దగ్గర పడిన గోడ

31వ ఏడు, 61వ రోజు

వడగాడ్పుకు ఈ రోజు పన్నెండో రోజు. అరవై నాలుగు ఇళ్ళూ తిరిగి గోడలు తట్టేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. తడి ఎక్కడ చూసినా మూడు. ఉండాల్సింది ఆరు. నూరు పాళ్ళ ఇసుకలో ఆరు పాళ్ళ నీళ్ళుంటే గోడ నిలబడుతుందని ఈ దిబ్బ మీద పాకే పిల్లకు కూడా తెలుసు. రెండుకు దిగితే ఇసుక జలజల రాలిపోతుంది. ఇంకొక్క పాలు తగ్గితే మన పని గోవిందా.

రేపు నేను లేకపోతే ఈ పుస్తకం ఎవరి చేతికొస్తుందో, వాళ్ళ కోసం ఒకసారి రాసి పెడతాను. గోడకు ఇవతల చెక్క సుత్తితో ఒక దెబ్బ. అవతల ఆ చప్పుడు పట్టే చెవిబిళ్ళ. ఆ దెబ్బ రెండడుగుల ఇసుకను దాటి బిళ్ళకు చేరడానికి సెకనులో వెయ్యోవంతులు ఎన్ని పట్టాయో అంకె కనిపిస్తుంది. దాన్నే తట్టు అంటాం. నాలుగున్నర ఉంటే గోడ రాయి లాంటిది. అంకె పెరిగే కొద్దీ గోడ మెత్తబడుతున్నట్టు. ఏడు దాటితే ఇల్లు ఖాళీ చేయించాలి. ఈ రోజు అందరివీ నాలుగుకూ ఐదుకూ మధ్యనే ఉన్నాయి. తడి సగానికి పడిపోయినా గోడలు గట్టిగానే ఉన్నాయన్నమాట. ఎందుకో ఆలోచించే ఓపిక లేదు, తల పేలిపోతోంది.

చలిపలకల నుంచి నీళ్ళు దిగడం లేదు. గాలిలో చెమ్మ ఉంటే కదా పలకలు పిండేది. తాగడానికే మనిషికి నాలుగు చెంబులు. గోడలకు ఒక్క చుక్క కూడా లేదని ఊరి పెద్ద ఓబులేసు చాటింపు వేయించాడు. జనం గోడల వంక చూసి, జ్వరం వచ్చిన బిడ్డను చూసినట్టు నిట్టూరుస్తున్నారు.

దిబ్బ చివర కుమ్మరి వన్నూరప్ప బట్టీ కొట్టం ఉంది. అది కర్రలూ తడికెలూ, గోడ లేదు, కాబట్టి నాకక్కడ పని లేదు. ఉన్నా పోను. పోయినేడు ఇదే గాడ్పుల్లో గోడను ఎండబెట్టి నా చెల్లెలు మారెక్కను పొట్టన పెట్టుకున్న మొగుడాయన. ఆయన చేతి నీళ్ళు ఈ ఊళ్ళో ఏ గోడా తాగదు.

31వ ఏడు, 64వ రోజు

గాలి తిరిగింది. పొద్దున్నే పలకల కింద తొట్లు నిండాయి. ఇంక చూడాలి ఊరు. ఆడామగా చెంబులు పట్టుకుని ఒకరింటికొకరు పరుగులు.

వచ్చిన మనిషి వాకిలి పక్కనున్న గూట్లో ఒక చెంబు నీళ్ళు పోసి గానీ కూర్చోకూడదనేది మా పద్ధతి. గూట్లో పోసిన నీళ్ళు గోడ లోపలికి దిగుతాయి. నీళ్ళియ్యకుండా కూర్చున్నవాణ్ణి మనిషి కింద లెక్క కట్టరు. ఎవరి మీద ఎంత ప్రేముంటే వాళ్ళ గోడకు అన్ని చెంబులు. ఈ లెక్కన మంత్రసాని ఎర్రెక్క అవ్వ ఇంటి ముందు ఈ రోజు జాతరే. సిమెంటు వాడకం మానేసి మనవాళ్ళు ఈ ఇసుక మీదికి వచ్చిన మొదటి ఏటి నుంచి పుట్టిన నూట నలభై మందినీ ఆమే చేతుల్లోకి తీసుకుంది, అదీ ఆ ఇంటి పురిటి గదిలోనే. ఆ నూట నలభై మందీ, వాళ్ళ అమ్మలూ వరస కట్టారు.

నేనూ రెండు చెంబులు పోశాను. అవ్వ నవ్వింది.

"ఏమ్మే హనుమక్కా, మూతి ముడుచుకోకుండా నీళ్ళు పోసేది రాదా నీకు?"

"గాడ్పుకు మూతి ఎండిపోయిందవ్వా. తడి తగిలితే సర్దుకుంటాది లే."

మా ఇంటికి ఎవరూ రాలేదు. వస్తే కసురుతానని పేరు కదా. ఒంటికాయ శొంఠికొమ్ములాగా ఉన్నాను.

31వ ఏడు, 67వ రోజు

నాలుగు రోజుల్లో నా ఇల్లు తప్ప ఊరంతా ఆరుకు వచ్చింది. ఓబులేసు సంతోషించాడు. ఆయన కూతురు నాగరత్నకు తొమ్మిదో నెల. ఇంకో మూడు వారాల్లో పురిటి గదిలోకి పోవాలి. "అవ్వ గోడ ఎంతకొచ్చింది?" అని రోజూ నన్ను నిలబెట్టి అడుగుతాడు. ఆరు అని చెప్పాను.

తట్టు మాత్రం నచ్చలేదు. అవ్వ వాకిలి గోడ 5.9. నాకు నమ్మకం కలగక మూడుసార్లు కొట్టాను. మూడుసార్లూ అంతే. మూడు దగ్గర 4.4 ఉన్న గోడ ఆరుకు వచ్చాక మెత్తబడడమేంటి?

31వ ఏడు, 68వ రోజు

సుత్తి మార్చాను. చెవిబిళ్ళకు కొత్త బ్యాటరీ వేశాను. అవ్వ గోడ 6.1. ఎక్కువ చెంబులు పడిన ఇళ్ళన్నీ ఐదు దాటాయి. ఎవరూ తొంగి చూడని మా గోడలో తడి నాలుగే, తట్టు 4.3. ఊరి మొత్తం మీద గట్టి గోడ నాదే. గయ్యాళితనానికి ఇట్లాంటి బహుమానం ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

ఇంకొకటి గమనించాను. గింజల కొట్టం గోడ. గాడ్పుకు ముందు పలక గొట్టం పగిలి ఆ గోడ పన్నెండు దాకా తడిసిపోయింది. ఎవరూ దాని జోలికి పోలేదు. గాడ్పుల్లో దానంతటది ఆరుతూ ఆరుతూ ఈ రోజుకు సరిగ్గా ఆరుకు దిగింది. తట్టు 4.4. అక్కడా ఆరే, అవ్వ దగ్గరా ఆరే. ఒకటి రాయి, ఇంకొకటి మెత్తన.

తడి ఎంతుందో కొలిచే పరికరం నా దగ్గరుంది. ఆ తడిని ఇసుక ఎంత బలంగా గుంజి పట్టుకుందో కొలవాలంటే గుంజు గొట్టం కావాలి. పాతది మొన పగిలి ఆరేళ్ళుగా అటక మీద ఉంది. దానికి మట్టి మొన కావాలి. నీళ్ళు ఊరాలి, గాలి దూరకూడదు. అట్లాంటి మొన కాల్చగల కుమ్మరి ఈ దిబ్బ మీద ఒక్కడే ఉన్నాడు.

గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే.

31వ ఏడు, 69వ రోజు

పోయాను. ఏడాది తరవాత ఆయన ముఖం సూటిగా చూశాను. చిక్కిపోయాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి చక్రం ఆపి లేచి నిలబడ్డాడు.

"వదినా" అన్నాడు. అంతే.

పగిలిన గొట్టం చేతికిచ్చి ఏం కావాలో చెప్పాను. ఎందుకని అడగలేదు. మొన వైపు తిప్పి వేలితో తడిమి, "రెండు పొద్దులు పడతాది" అన్నాడు. కూర్చోమని పీట వేశాడు. అక్కడ నీళ్ళియ్యడానికి గోడ లేదు కాబట్టి నిలబడే ఉన్నాను. మారెక్క ఇత్తడి చెంబు మూల మెరుస్తోంది. తోమి పెట్టుకున్నాడు. ఏడాదిగా దాంతో ఎవరి గోడకూ నీళ్ళు పోసే వీలు లేదు, అయినా తోముతున్నాడు.

కోపం రావాల్సింది. రాలేదు. అది నాకే చిరాకనిపించింది.

అవ్వ గోడ 6.2.

31వ ఏడు, 71వ రోజు

మొన బాగా కుదిరింది. తానే పట్టుకొచ్చాడు. గింజల కొట్టం గోడలో గుచ్చి చూశాను. గుంజు ఎనిమిది. అవ్వ గోడలో చూశాను. మూడు. తడి రెండు చోట్లా ఆరే.

వన్నూరప్ప వీధిలో దూరంగా నిలబడ్డాడు, గోడల దగ్గరికి రాకూడదు కదా. రెండంకెలూ చెప్పాను. భుజాన ఉన్న మంచినీళ్ళ కూజా దించాడు.

"వదినా, దీన్ని చూడు. కడుపు పెద్దది, మూతి సన్నం. ఇసుక గింజల నడుమ సందులన్నీ ఇట్లాంటి కూజాలే అనుకో. నిండిన కూజా ఆరేటప్పుడు నీళ్ళు మూతి కాడ బిగపట్టుకోనుంటాయి, ఒక పట్టాన వదలవు. ఆ బిగువే గింజల్ని దగ్గరికి లాగేది. ఎండిపోయిన కూజాలోకి కొంచెం కొంచెం పోసినావనుకో, నీళ్ళు కడుపులో పండుకుంటాయి, మూతిని పట్టుకోవు. కొలిస్తే రెండిట్లో నీళ్ళు అంతే. పట్టే వేరు."

"అంటే ఆరు అని చూస్తే చాలదు. పైనుంచి ఆరుకు దిగిందా, కిందనుంచి ఆరుకు ఎక్కిందా చూడల్ల."

"నేను కుమ్మరోణ్ణి వదినా. గోడల సంగతి నాకేం తెలుసు" అన్నాడు. ఆ మాట ఎత్తిపొడుపు కాదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఎండిన గోడకు చెంబు చెంబు చొప్పున ప్రేమగా పోసి ఆరుకు తెస్తే గోడ బలహీనమవుతుంది. ఎవరి మీద ప్రేమ ఎక్కువో వాళ్ళ గోడ ముందు పడుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా మేం చేస్తున్నది అదే. మిగతా ఏళ్ళలో గాడ్పులు ఐదారు రోజులు మించలేదు, గోడ ఇంతగా ఎండలేదు, కాబట్టి బయటపడలేదు. పోయినేడూ ఈ ఏడూ పన్నెండు రోజులకు తగ్గకుండా వీచాయి.

దీనికి మందు ఒకటే. గోడను పన్నెండు దాకా ముంచాలి. తరవాత చుక్క పోయకుండా ఆరుకు దిగనివ్వాలి. ముంచినప్పుడు గోడ ఇప్పటికంటే మెత్తబడుతుంది. అందుకని ఇల్లు ఖాళీ చేసి, కప్పు తీసి, ఊతలు పెట్టాలి. ఆరడానికి పది రోజులు పైనే.

సాయంత్రం ఇంటికొచ్చి పోయినేడు పుస్తకం కిందికి దించాను. తెరవలేదు. అందులో ఏముందో నాకు తెలుసు.

31వ ఏడు, 72వ రోజు

అవ్వ గోడ 6.4. పోసే చెంబులు ఆగడం లేదు. నాగరత్న కోసం గోడ బలంగా ఉండాలని జనం ఇంకో రెండు ఎక్కువే పోస్తున్నారు. ఆపమంటే, "నీకేం మే, నీ గోడకెవరూ పోయరని కడుపుమంట" అంది ఒకామె.

ఓబులేసుతో చెప్పాను. ఆయన నా ముఖం వంక ఎగాదిగా చూశాడు.

"గోడను ముంచాలంటావా? మన మొదటి కట్టుబాటేంది? గోడను ఎండబెట్టకూడదు, ముంచకూడదు. నా కూతురు కనబోయే గదిని నా చేతులతో ముంచమంటాండావు!"

"ముంచకపోతే ఆ గోడ నీ కూతురి మీదే పడతాది."

"నోటికి మంచి మాట రాదా నీకు?"

రాదు. ఎప్పుడూ రాలేదు. అవ్వ దగ్గరికి పోతే ఆమె ఇంకా నయం, నవ్వింది. "ఊరంతా ప్రేమతో నీళ్ళిచ్చిన గోడ నన్ను చంపుతుందా? పిచ్చిదానా. నేను యాడికీ రాను. ఆ పిల్ల ఈడనే కంటాది" అంది.

31వ ఏడు, 73వ రోజు

పలకల నీడలో ఊరంతా కూర్చున్నారు. వన్నూరప్ప చేసిచ్చిన అడుగులేని రెండు కుండల్లో ఇసుక దట్టించి రెండు దిమ్మెలు తయారు చేశాను. ఒకటి ముంచి ఆరబెట్టింది, చిన్నది కాబట్టి రెండు పొద్దుల్లోనే ఆరింది. ఇంకొకటి ఎండబెట్టి తడిపింది. తడి రెండిట్లోనూ ఆరు, ఓబులేసే కొలిచాడు. రెండిటి మీదా ఒకే బరువు రాళ్ళు పేర్చుకుంటూ పోయాను. తడిపిన దిమ్మె నాలుగో రాయికి కూలింది. ఆరబెట్టిన దిమ్మె తొమ్మిది మోసింది.

కాసేపు గుసగుసలు. తరవాత ఓబులేసు లేచాడు.

"పిల్లకాయల ఆట బాగుంది. దిమ్మె వేరు, గోడ వేరు. నేను ఒకటే అడుగుతాండా. ఈ ముప్పై ఒక్క ఏండ్లలో ఆరు దగ్గర పడిన గోడ ఒక్కటి చూపించు. ఒక్కటంటే ఒక్కటి. చూపిస్తే రేపే ముంచుదాం. చూపించలేవంటే నోరు మూసుకోని ఇంటికి పో."

అందరూ తలలూపారు. న్యాయమైన మాటే అడిగాడు.

పోయినేడు పుస్తకం చీర కొంగులో చుట్టి తెచ్చుకున్నాను. తెచ్చుకున్నానంటే, చూపించే ధైర్యం ఉందని కాదు. అవసరం రాకుండా పోతుందేమోనని ఆశ.  

డెబ్బై నాలుగో రోజు పేజీ తెరిచి ఓబులేసు చేతిలో పెట్టాను.

"పైకి చదువు" అన్నాను.

ఆయన చదివాడు. "మారెక్క ఇల్లు. తడి..." ఆగిపోయాడు. "ఆరు కొట్టేసి ఉంది. పక్కన మూడు అని ఉంది."

"ఆ పొద్దు తెల్లవారి నేను కొలిచింది ఆరు. గోడ పడింది మధ్యాహ్నం. ఆరు దగ్గర గోడ పడదు కదా. నేనే తప్పు కొలిచి ఉంటాననుకున్నా. సాయంత్రం మూడు అని దిద్దినా. దిద్దేటప్పుడు భయపడినా కూడా. తడి చూసే మనిషి తప్పు కొలిస్తే ఊరు ఊరుకుంటుందా? ఆయప్ప గాడ్పు పన్నెండు రోజులూ, గాడ్పు తగ్గినాక కూడా బట్టీ కాడే ఉండి గోడకు నీళ్ళు పోయలేదని మీరందరూ అంటాంటే, అవునని నేనూ అన్నా. అందరికంటే గట్టిగా అన్నా. నా చెల్లెలు కదా. మారెక్కకు జ్వరమని గాడ్పు తగ్గినాక నాలుగు పొద్దులూ గోడకు నీళ్ళు పోసిందెవరు? పొద్దుకు పదకొండు చెంబులు పోసినా నేను. ఆయప్ప ఎండబెట్టిన గోడ మూడు దగ్గర నిలబడే ఉండింది. నేను ఆరుకు తెచ్చినాక పడింది."

పలకల నుంచి తొట్లలోకి నీటి చుక్కలు పడుతూనే ఉన్నాయి.

వన్నూరప్ప ఎప్పటిలా అందరి వెనక, ఎండలో నిలబడి ఉన్నాడు. నేను ఆ వైపు చూడలేకపోయాను. చూసేసరికి వెళ్ళిపోతున్నాడు. వీపు కనిపించింది.

మొదట లేచింది ఎర్రెక్క అవ్వ. మోకాళ్ళ మీద చేతులు ఆనించి, "నా మూటాముల్లే కట్టుకుంటా. కప్పు ఊడబెరకండి" అంది. ఓబులేసు పుస్తకం మూసి నా చేతికిచ్చాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

31వ ఏడు, 74వ రోజు

ఈ రోజుకు మారెక్క పోయి ఏడాది.

కప్పు ఎండగుడ్డే కాబట్టి నలుగురు పడితే పొద్దున్నే ఊడొచ్చింది. గోడకు రెండు వైపులా తాటి దుంగల ఊతలు, మధ్యలో తడికెలు. అన్నీ సిద్ధమయ్యాయి. ఐదు వందల చెంబులు పోయాలి. జనం చెంబులు పట్టుకుని నిలబడ్డారు గానీ ఒక్కరూ ముందుకు రాలేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా చెయ్యకూడదన్న పని. గోడ పడితే పోసిన చేతిదే పాపం.

నేను చెంబెత్తాను. అవ్వ నా మణికట్టు పట్టుకుంది.

"నువ్వు కాదు. నువ్వు పోసినవి చాలు." ఆ మాట అందరికీ వినిపించేలా అంది. "వన్నూరప్పను పిలుచుకురాండి."

ఓబులేసే స్వయంగా పోయాడు. చాలాసేపు పట్టింది. రాడేమో అనుకున్నాను, రాకపోతే తప్పు పట్టడానికి నాకు నోరు లేదు. వచ్చాడు. చేతిలో ఇత్తడి చెంబు. గూటి ముందు నిలబడి అవ్వ వంక చూశాడు. "పొయ్యి నాయనా" అంది అవ్వ. "నా గోడకు ముందు నీ చేతి నీళ్ళే పడల్ల."

పోశాడు. సగం నీళ్ళు బయట ఒలికాయి. తొట్టి దగ్గరికి పోయి మళ్ళీ నింపుకొచ్చి పోశాడు. మూడోసారికి ఒక్క చుక్కా ఒలకలేదు. అప్పుడు కదిలారు మిగతావాళ్ళు. సాయంత్రానికి ఐదు వందలూ అయిపోయాయి.

తడి పన్నెండు. తట్టు 7.8. గుంజు దాదాపు లేదు.

31వ ఏడు, 76వ రోజు

వాకిలి గోడ కింది మూల బొజ్జలాగా ఉబ్బింది. ఇంకో తడికె, ఇంకో రెండు దుంగలు వేశాం. ఎవరూ గోడ పక్కకు పోకుండా తాడు కట్టాను. ఇద్దరు ముసలమ్మలు అలవాటు కొద్దీ చెంబులతో వచ్చి, నన్ను చూసి వెనక్కి తిరిగారు. తడి పదకొండు. తట్టు 7.5.

జనం నాతో మాట్లాడుతున్నారు. నా ముఖం చూసి మాట్లాడడం లేదు. తిలాపాపం తలా పిడికెడు అని ఎవరో అన్నారట, అందరూ పోసినవాళ్ళే కదా అని. వాళ్ళ మంచితనం. పేజీ దిద్దింది అందరూ కాదు.

31వ ఏడు, 81వ రోజు

తడి తొమ్మిది. తట్టు 6.3. ఇంకా ఐదు రోజులు పడుతుంది.

మధ్యాహ్నం నాగరత్నకు నొప్పులు మొదలయ్యాయి. వారం ముందే. ఓబులేసు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "గోడ ఆగుతుందా హనుమక్కా? ఒక్క పూట చాలు."

"ఆగొచ్చు. ఆగకపోవచ్చు. నా కూతురైతే పంపను."

"మరి యాడికి? ప్రతి ఇంటి గోడా ఐదు దాటిందని నువ్వే అంటివి."

"మా ఇల్లుంది" అన్నాను. "కానీ మంచం తప్ప ఇంకేమీ పట్టదు."

గోడ లేని చోటు ఒక్కటే ఉంది ఊళ్ళో. ఇద్దరికీ ఒకేసారి తోచింది. ఆయన నా వైపు చూశాడు, నేను నేల వైపు చూశాను. ఎర్రెక్క అవ్వ అప్పటికే ఆ పిల్ల రెక్క పట్టుకుని దిబ్బ చివరికి నడిపిస్తోంది.

వన్నూరప్ప చక్రం పక్కకు లాగి, పచ్చి కుండలన్నీ బయట పెట్టి, ఇసుక మీద చాపలు పరిచాడు. బట్టీ వేడికి నీళ్ళు కాచాడు. తరవాత బయటికొచ్చి తడికెకు వీపు ఆనించి కూర్చున్నాడు. నేనూ కాస్త దూరంలో కూర్చున్నాను. లోపల నాగరత్న అరుపులు, అవ్వ గద్దింపులు. పొద్దు వాలకముందే బిడ్డ ఏడుపు వినిపించింది. ఆడపిల్ల.

"నీళ్ళు!" అని అవ్వ లోపలి నుంచి కేకేసింది. వన్నూరప్ప మారెక్క చెంబుతో గోరువెచ్చటి నీళ్ళు అందించాడు. ఏడాది పాటు ఏ గోడా తాగని ఆ చేతి నీళ్ళతో బిడ్డ మొదటి స్నానం చేసింది. నూట నలభై ఒకటో బిడ్డ, ఆ గదిలో పుట్టని మొదటి బిడ్డ.

నేను ఏడ్చాను. ఎందుకు దాచాలి, ఏడ్చాను.

31వ ఏడు, 86వ రోజు

అవ్వ వాకిలి గోడ. తడి ఆరు. గుంజు ఎనిమిది. తట్టు 4.4.

ఊతలు తీశాం. నిలబడింది. బొజ్జ అట్లాగే ఉండిపోయింది. అవ్వ దాని మీద చెయ్యి వేసి, "ఇదీ కన్నట్టే ఉంది" అని నవ్వింది. కొత్త కట్టుబాటు ఓబులేసు చెప్పాడు. గాడ్పు తరవాత ఎవరూ గోడకు చెంబు చొప్పున పోయకూడదు. ఇంటికొకరోజు వంతు వేసి, ఊరంతా కలిసి ఒక్కసారే ముంచాలి, ఆరనివ్వాలి. వచ్చిన మనిషి మరి ఏమిచ్చి కూర్చోవాలని ఒకామె అడిగింది. ఊరికే కూర్చోమన్నాను. అదెంత కష్టమో వాళ్ళ ముఖాల్లో కనిపించింది.

31వ ఏడు, 90వ రోజు

అరవై నాలుగు గోడలకూ గుంజు గొట్టాలు కావాలని అడగకుండానే వన్నూరప్ప మొనలు కాల్చడం మొదలుపెట్టాడు. ఈ రోజు మొదటి పన్నెండూ గంపలో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. వాకిట్లో గూటి ముందు అలవాటు కొద్దీ ఒక్క క్షణం ఆగి, లోపలికి వచ్చి ఊరికే కూర్చున్నాడు.

"నన్ను క్షమించమని అడగను వన్నూరప్పా. అడిగే ముఖం లేదు" అన్నాను.

పీట మీదున్న పోయినేడు పుస్తకం వైపు చూశాడు. "ఆ పేజీ మళ్ళీ రాసినావా?"

"లేదు."

"రాయి."

అదే పేజీ కింద, ఖాళీ జాగాలో రాశాను. 30వ ఏడు, 74వ రోజు. మారెక్క ఇల్లు. తడి ఆరు. కొట్టేసినది సరైన అంకె. నీళ్ళు పోసినది అక్క హనుమక్క, నాలుగు రోజులు, నలభై నాలుగు చెంబులు. రాసి ఆయన వైపు తిప్పాను.

నెమ్మదిగా, పెదవులు కదిలిస్తూ చదివాడు. 

"ఇంకో రెండు రాయి వదినా."

"ఏం రెండు?"

"ఆ పొద్దు తెల్లవారి బట్టీ నుంచి వచ్చినా. ఇన్ని పొద్దులు పోయలేదే, గోడ ఎండిపోయి ఉంటాదే అని మనసు పీకింది. రెండు చెంబులు పోసినా. మారెక్క మంచం మీంచి చూసి నవ్వింది. 'ఇప్పటికి తీరిందా నీకు' అనింది."

ఏడాదిగా ఊరంతా ఆయన ముఖాన ఉమ్మింది, నీళ్ళు పోయలేదని. "పోసినానని అప్పుడే ఎందుకు చెప్పలేదప్పా?"

"చెప్తే నువ్వు నమ్మేదానివా?"

"నమ్మేదాన్ని కాదు."

"మరింకేం" అన్నాడు. "రాయి."

రాశాను. మొగుడు వన్నూరప్ప, రెండు చెంబులు. మొత్తం నలభై ఆరు.